మ్యాథ్సా, స్టాటిస్టిక్సా? జామ్ ఫలితం వచ్చాక నా మాట

ఐఐటీల్లో పీజీ సీట్ల కోసం రాసే ప్రవేశ పరీక్ష జామ్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి నల్లగొండలో జూనియర్లు అడుగుతున్నది ఒకటే: "అన్నా, పీజీకి మ్యాథ్స్ మంచిదా, స్టాటిస్టిక్సా, డేటా సైన్సా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను. మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్‌లో మంచి ర్యాంకు వచ్చింది కాబట్టి కాస్త గర్వం కనిపిస్తుంది, సహించండి.

డిగ్రీలో నాది మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్. తెలంగాణ డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇంట్లోవాళ్లు చూసింది కంప్యూటర్స్ ఉందా లేదా అన్నదే. మధ్యలో ఉన్న సబ్జెక్టు ఎవరికీ పట్టలేదు. ఫైనలియర్‌లో జామ్ మ్యాథ్స్ పేపరే రాశాను. జూనియర్ లెక్చరర్ పోస్టులు మ్యాథ్స్‌కే ఎక్కువ, తోటివాళ్లంతా అదే రాస్తున్నారు, అప్పటికి అది సరైన లెక్కే. రియల్ అనాలిసిస్ వరకు నెట్టుకొచ్చాను గానీ గ్రూప్ థియరీ లొంగలేదు. అందులోని లగ్రాంజ్ సిద్ధాంతం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని, లెక్కలో అది ఎక్కడ వాడాలో మాత్రం తట్టేది కాదు. బీ సెక్షన్ సంగతి మీకు తెలుసు. సరైన ఆప్షన్లన్నీ పెడితేనే రెండు మార్కులు, ఒకటి వదిలినా సున్నా. సీటుకు అందని ర్యాంకు వచ్చింది. ఏడాది పోయిందని బంధువులు తీర్మానించేశారు. ఎక్కడ పోయింది? సీక్వెన్సులు, సిరీస్, మాట్రిక్స్‌లు స్టాటిస్టిక్స్ పేపర్‌లోనూ ఉన్నాయి కదా, వాటిని మళ్లీ ముట్టుకోవలసిన పని పడలేదు.

ఆ యాసంగిలో నాన్నతో కలిసి వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర పడిగాపులు పడ్డాను. ఆరోజు మొత్తం ఎన్ని టోకెన్లు ఇచ్చారో చెప్పేవారు లేరు. మా చుట్టుపక్కల ఐదుగురి చేతుల్లో ఉన్నవి 7, 15, 22, 31, 60. ఊరికే కూర్చోలేక, వీటిని బట్టి మొత్తం ఎన్నో అంచనా వేద్దామని లెక్క మొదలుపెట్టాను. సగటు 27. టోకెన్లు ఒకటి నుంచి వరుసగా ఇస్తారు, సగటు వాటి మధ్యలో ఉంటుందనుకుని దాన్ని రెట్టింపు చేసి ఒకటి తీసేస్తే 53. ఈ అంచనా అన్‌బయాస్డే, అంటే మళ్లీమళ్లీ వేస్తే సగటున అసలు సంఖ్యకే వస్తుంది, పుస్తకం ప్రకారం తప్పు పట్టడానికి లేదు. కానీ 60వ నంబరు మనిషి ఎదురుగా బీడీ కాలుస్తూ కూర్చున్నాడు, మొత్తం 53 ఎలా అవుతుంది? అదే గరిష్ఠమైన 60 ఒక్కటే తీసుకుని, అందులో ఐదో వంతు 12 కలిపి, ఒకటి తీసేస్తే 71. ఇదీ అన్‌బయాస్డే, పైగా దీని వేరియన్స్, అంటే అటూఇటూ ఊగడం, తక్కువ. ఐదుగురూ ఎలా పడితే అలా కూర్చున్నవారే అనుకుంటేనే ఇదంతా, అది వేరే సంగతి. మొదటి అంచనాను గరిష్ఠ విలువ మీద కండిషన్ చేస్తే, అంటే గరిష్ఠం ఇంత అని తెలిసినప్పుడు దాని సగటు ఎంతో చూస్తే, సరిగ్గా రెండోదే వస్తుంది. ఉన్న అంచనాను ఇలా మెరుగుపరచవచ్చని చెప్పేదే రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతం. ఎంత కంఠస్థం చేసినా అంతుపట్టనిది వడ్ల కుప్ప పక్కన అర్థమైంది. ఏ పేపర్ రాయాలో అక్కడే తేల్చుకున్నాను.

ఆ రావు మన తెలుగువారే, సి.ఆర్.రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మ్యాథ్స్ ఎంఏ చేసి, ఆ తర్వాత కలకత్తాలో స్టాటిస్టిక్స్ చదివారు. అన్‌బయాస్డ్ అంచనా వేరియన్స్ ఎంతకంటే తగ్గదో చెప్పే క్రామర్-రావ్ హద్దు, ఈ సిద్ధాంతం రెండూ 1945 నాటి ఒకే పరిశోధన పత్రంలోవి. మ్యాథ్స్ నుంచి ఇటు వస్తే వెనకడుగు వేసినట్టు మాట్లాడేవారికి ఈయన పేరు చెప్పండి.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. నిరూపణలోనే ఆనందం దొరికేవారు మ్యాథ్స్ వదలకండి, జీతం చూసి ఇటు రాకండి. డేటా సైన్స్ అని బోర్డు ఉన్నచోట చేరే ముందు ప్రాబబిలిటీ, ఇన్‌ఫరెన్స్, లీనియర్ ఆల్జీబ్రా ఎన్ని సెమిస్టర్లు చెబుతారో చూడండి. సిలబస్ నిండా సాఫ్ట్‌వేర్ పేర్లే ఉంటే ఆ ఫీజుతో మంచి ల్యాప్‌టాప్ కొనుక్కోవడం నయం. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం మీద కన్నున్నవారు డిగ్రీలో గానీ పీజీలో గానీ స్టాటిస్టిక్స్ చదివి ఉండాలి, వట్టి మ్యాథ్స్‌తో అర్హత రాదు.

ఎన్ని గంటలు చదివావని అడగకండి. మాక్ టెస్టుకు కూర్చుంటే మూడు గంటలూ లేచేవాణ్ని కాదు, ఫోను అమ్మ దగ్గరే ఉండేది. ఇది కూడా చేయలేనివారికి ఏ సబ్జెక్టైనా ఒకటే. పాత ప్రశ్నపత్రాలు జామ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, జిరాక్స్ ఖర్చు తప్ప వాటికి పైసా పెట్టకండి.