పైన్ సొరుగుల బల్లకు వెల్ల: మూడో వారం

ఒహాయోలో మా వీధి చివర గ్యారేజ్ సేల్‌లో 25 డాలర్లకు కొన్న బల్ల ఇది. నాలుగు సొరుగులు, అన్నీ పైన్ చెక్క. పైన్ కొత్తలో మీగడ రంగులో ఉంటుంది, వెలుతురు తగిలి తగిలి ఏళ్లు గడిచేకొద్దీ పండిన పసుపుకు తిరుగుతుంది. పైన వేసిన పాత వార్నిష్ దాన్ని ఇంకా ముదురు చేసింది. రంగుతో పూర్తిగా కప్పేయడానికి నాకు మనసు రాలేదు, చెక్కలోని ఆ చారలు అంత బాగున్నాయి. అందుకే పల్చటి వెల్ల.

మొదటి వారమంతా గీకుడే. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. బల్ల అంతకుముందుది కావచ్చని ముందు టెస్ట్ కిట్‌తో చూశాను. లేదని తేలాకే ఉప్పుకాగితం పట్టాను: ముందు 120 నంబరు, తర్వాత 150, చివర నునుపైన 180, ఎప్పుడూ చార వెంబడే. ఇంకా నునుపు చేస్తే చెక్క వెల్లను సరిగ్గా పీల్చుకోదు. తర్వాత తడిగుడ్డతో తుడిచి, ఆరాక లేచిన నూగును అదే 180తో పైపైన తీశాను.

రెండో వారం పొరపాటు జరిగింది. తెల్ల లేటెక్స్ రంగు కప్పు, నీళ్లు కప్పు కలిపి పై సొరుగుకు నేరుగా పూసేశాను. నాలుగు రోజులకు రెండు కణుపుల చుట్టూ టీ మరకల్లాంటి వలయాలు తేలాయి. కణుపులో ఉండే జిగురు నీళ్ల రంగుకు ఆగదు. మళ్లీ గీకి, కణుపులన్నిటికీ సన్న కుంచెతో మైనం తీసిన షెల్లాక్ రెండు పూతలు పెట్టాను. షెల్లాక్ అంటే మన లక్కే. కణుపు అంచు దాటనివ్వకండి, దాటినచోట వెల్ల ఇంకక మచ్చలా కనబడుతుంది.

మరకలు ఆగాయి గానీ తెలుపు మాత్రం పాలిపోయినట్టు పసుపుగానే ఉంది. ఫోన్‌లో అమ్మకు చూపిస్తే, "సున్నంలో నీలిమందు కలపకపోతే గోడ పచ్చగానే ఉంటుంది కదా నాన్నా" అంది. సంక్రాంతి ముందు మా ఊళ్లో సున్నం బకెట్‌లో చిన్న గుడ్డ మూటను ముంచి తిప్పడం ఎన్నిసార్లు చూశానో! ఇన్నాళ్లూ ఇక్కడ అది తట్టనే లేదు.

నీలం ఆక్రిలిక్ రంగు తెచ్చి సొరుగు అడుగున ప్రయత్నించాను. రెండు కప్పుల వెల్లకు పావు చెంచా వేస్తే బూడిద రంగుకు పోయింది. పుల్ల కొనతో మూడు చుక్కలు వేస్తే సరిపోయింది: పసుపు విరిగింది, నీలం ఎక్కడా కనబడలేదు. తడిగా ఉన్నప్పుడు చూసి నిర్ణయించుకోకండి, ఆరాక రంగు మారుతుంది.

పూసే పద్ధతి కూడా ఇప్పుడు చేతికి వచ్చింది. కుంచెతో జానెడు మేర పూసి, నిమిషం ఆగి, పాత లుంగీ ముక్కతో చార వెంబడి తుడిచేయాలి. తుడుస్తుంటే గీతల మధ్య మెత్తని చెక్కలో తెలుపు నిలుస్తుంది, గట్టి గీతల మీద చెరిగిపోయి తేనె రంగు బయటికొస్తుంది. లక్క పెట్టిన కణుపులు కొంచెం ముదురుగా మిగిలాయి, నాకైతే అవే అందం.

ఇప్పటికి మూడు సొరుగులు, పై పలక అయ్యాయి. వచ్చే శనివారం పక్క పలకలు, నాలుగో సొరుగు. ఆ తర్వాత రక్షణకు నీళ్లతో కలిసే పాలీయురేథేన్ అనే పారదర్శక వార్నిష్ మూడు పూతలు. నూనె రకం వాడితే మళ్లీ పసుపెక్కుతుంది. పాత చెక్క పిడులను మాత్రం ముట్టుకోను.