కెనెడీ సెంటర్‌లో వెనక వరస

స్మిత్‌సోనియన్ మ్యూజియాల్లో గడిపిన నాలుగు రోజుల గురించి రాయాలని నాకు అనిపించడం లేదు. వాషింగ్టన్ నుంచి నేను వెంట తెచ్చుకున్నది ఒక్క సాయంత్రమే, అదీ కాస్త కినుకతో మొదలైన సాయంత్రం. వాషింగ్టన్ శివారులోని వియన్నా మెట్రో స్టేషన్‌లో ఆరెంజ్ లైన్ రైలు ఎక్కి ఫాగీ బాటమ్‌లో దిగి, కెనెడీ సెంటర్‌కు వెళ్లే ఉచిత బస్సు కోసం చలిలో చాలాసేపు నిలబడ్డాము. అక్కడ పాశ్చాత్య సంగీతం వాయించే వాద్యబృందం, నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీకి మంచి సీట్లు నూరు డాలర్లకు పైనే పలకడంతో మా అమ్మాయి వేదిక వెనక వరసలో రెండు తీసుకుంది. ఇంత దూరం వచ్చి వాద్యకారుల వీపులు చూడాలా అని నొచ్చుకున్నాను.

ఓబో వాయించే ఆవిడ ఒక్క స్వరం పట్టగానే, మన సన్నాయికి ఉన్నట్టే రెల్లు పీక ఉన్న ఆ చిన్న వాద్యానికి లొంగి, దాదాపు వంద వాద్యాలు శ్రుతి కలుపుకున్నాయి. అప్పుడు చేతి సైగలతో వాద్యబృందాన్ని నడిపించే కండక్టరు వచ్చి మాకు ఎదురుగా నిలిచాడు. కినుకంతా ఆ క్షణంలోనే పోయింది. ముందు కూర్చున్న రెండు వేల మందికి ఆయన వీపే కనిపిస్తుంది. ఆ ముఖం కనిపించేది వాయించేవాళ్లకూ, చవక టిక్కెట్టు కొన్న మాకూ మాత్రమే. ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన విజయనగరం సంగీత కళాశాలలో చిన్నప్పుడు విన్న కచేరీలు గుర్తుకొచ్చాయి. అక్కడా పక్కవాద్యం వాయించే వయొలినిస్టు గాయకుడి ముఖం మీది నుంచి చూపు తిప్పేవాడు కాడు. కానీ గాయకుడు పాడతాడు; ఈయన చేతిలోని పుల్ల ఏ శబ్దమూ చేయదు.

విరామంలో పక్క సీటు పెద్దావిడ మాట కలిపింది. ఆవిడ ఈ ఆర్కెస్ట్రాను యాభై ఏళ్లుగా వింటోందట. 1931లో దీన్ని స్థాపించిన హన్స్ కిండ్లర్ డచ్ దేశస్థుడు, అంతకు ముందు ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో చెల్లో, అంటే కూర్చుని కమానుతో వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం, వాయించినవాడు. ఆయన తరువాత 1949లో పగ్గాలు అందుకున్న హోవార్డ్ మిచెల్ ఇదే ఆర్కెస్ట్రాలో ప్రధాన చెల్లో వాద్యకారుడిగా కూర్చున్నవాడు. 1977లో వచ్చిన రష్యన్ చెల్లో విద్వాంసుడు రొస్త్రోపోవిచ్ సంగతి చెప్పనే అక్కరలేదు, చెల్లోకు ఆ శతాబ్దంలో ఆయనను మించిన పేరు లేదు. మధ్యలో హంగరీ నుంచి వచ్చిన అంతాల్ దొరాతిని వదిలేస్తే, తొలి అరవై ఏళ్లలో ఎక్కువ కాలం ఈ ఆర్కెస్ట్రాను నడిపించినవాళ్లు, చెల్లో మీద కమాను లాగినవాళ్లే. చెల్లో కుర్చీలకు వెనకే కూర్చుని ఉన్నాను గనుక ఆ మాట నాకు బాగా పట్టింది.

ఆర్కెస్ట్రా తొలినాళ్లలో వాయించిన కాన్‌స్టిట్యూషన్ హాలు ముందు నుంచే ఆ మధ్యాహ్నం మేము నడిచి వచ్చాము. నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌కు 1939లో వేదిక నిరాకరించిన హాలు అదే. ఆవిడ లింకన్ స్మారకం మెట్ల మీద పాడింది. కెనెడీ సెంటర్ 1971లో తెరుచుకున్నాక ఆర్కెస్ట్రా ఇక్కడికి మారింది.

రొస్త్రోపోవిచ్‌ను అందరూ పిలిచినట్టే పెద్దావిడ కూడా 'స్లావా' అనే అంది. ప్రభుత్వాన్ని ఎదిరించిన రచయిత సోల్జెనిత్సిన్‌కు తన ఇంట్లో ఆశ్రయం ఇచ్చినందుకు సోవియట్ ప్రభుత్వం కక్షగట్టడంతో ఆయన 1974లో దేశం విడిచాడు. 1978లో పౌరసత్వం కూడా తీసేశారు. 1990 ఫిబ్రవరిలో ఇదే ఆర్కెస్ట్రాను వెంటబెట్టుకుని మాస్కో వెళ్లి, చైకోవ్‌స్కీ ఆరవ సింఫనీ వాయింపించాడు. చివర ప్రేక్షకులు వెళ్లనివ్వకపోతే, వాషింగ్టన్‌లోనే పుట్టిన స్వరకర్త సూసా రాసిన మార్చ్, అంటే కవాతు బాణీ, వినిపించాడు. పదహారేళ్ల పరాయితనం తరువాత సొంత దేశపు వేదిక మీద నిలిచిన ఆ ముఖాన్ని దగ్గరగా చూసింది వాద్యకారులే కదా అని ఆవిడ అంటూ కళ్లు తుడుచుకుంది.

రెండో భాగం మొదలైంది. ఎడమచేత్తో ఒక్కసారి గాలిని నిమిరినట్టు కండక్టరు కళ్లు మూసుకోగానే చెల్లోలు ఎనిమిదీ మెల్లగా లోపలికి దిగాయి. పెద్దావిడ నా మణికట్టు పట్టుకుని, స్వరం ముగిసేదాకా వదల్లేదు.