ఎయిడ్స్ సర్వేలో ఎవరి మాటకు ఎంత బరువు

ఎయిడ్స్ గురించి జనానికి ఏం తెలుసు, ఆ జబ్బు ఉన్నవాళ్ల గురించి ఏం అనుకుంటున్నారు అని అడిగిన సర్వే ఫైల్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని ఒకటుంది. "దోమకాటు వల్ల వస్తుంది" అన్నవాళ్లు ఎంతమందో లెక్కపెట్టి, మొత్తంతో భాగించి, శాతం రాసేస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ ఫైల్‌లోనే ఎక్కడో వెయిట్ అనే కాలమ్ ఉంటుంది, జవాబిచ్చిన ఒక్కొక్కరూ జనాభాలో ఎంతమంది తరఫున మాట్లాడుతున్నట్టో చెప్పే అంకె. అది వాడకపోతే మీరు రాసిన శాతం దేశ జనాభాది కాదు, సర్వే చేసినవాళ్లకు దొరికిన మనుషులది, అంతే.

ఇది గణాంకాలవాళ్ల చాదస్తం కాదని చెప్పడానికి ఒక పాత సర్వేనే తీసుకుంటాను. అమెరికాలో నేషనల్ హెల్త్ ఇంటర్వ్యూ సర్వే ఏటా జరుగుతుంది. 1987 ఆగస్టు నుంచి అందులో ఎయిడ్స్ మీద ప్రత్యేకంగా కొన్ని ప్రశ్నలు చేర్చారు. ఆ జబ్బు పేరు వింటేనే జనం వణికిపోతున్న రోజులవి. 1988లో అక్కడి ప్రజారోగ్య ముఖ్యాధికారి, అంటే సర్జన్ జనరల్, సి. ఎవరెట్ కూప్ పేరు మీద 10 కోట్లకు పైగా ఇళ్లకు ఎయిడ్స్ గురించిన చిన్న పుస్తకం పోస్టులో పంపారంటే ఆ భయం ఎంతదో ఊహించుకోండి. అంత పెద్ద ప్రచారం జనం బుర్రకెక్కిందా లేదా తేల్చుకోవాలంటే ఇలాంటి సర్వేలే దిక్కు. అందుకే ఆ లెక్క సరిగ్గా ఉండాలి.

ఆ సర్వేలో ఒక్కో కుటుంబం నుంచి 18 ఏళ్లు నిండినవాళ్లలో ఒక్కరినే ఎంచుకుని ఎయిడ్స్ ప్రశ్నలు అడిగేవాళ్లు. ఇక్కడే తేడా వస్తుంది. ఒంటరిగా ఉండే మనిషి ఇల్లు శాంపిల్‌లోకి వస్తే ఆ మనిషి రావడం ఖాయం, కానీ నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో ఒక్కొక్కరికీ ఉన్న అవకాశం నాలుగో వంతే. అంటే ఆ ఇంటి నుంచి జవాబిచ్చిన ఒక్కరూ నలుగురి తరఫున మాట్లాడుతున్నట్టు. లెక్క కోసం ఇలా అనుకుందాం: శాంపిల్‌లో 500 మంది ఒంటరిగా ఉండేవాళ్లు, 500 మంది నలుగురేసి పెద్దవాళ్లున్న ఇళ్లవాళ్లు. "ఒకే గ్లాసుతో నీళ్లు తాగితే ఎయిడ్స్ రాదు" అని మొదటి గుంపులో 70 శాతం, రెండో గుంపులో 50 శాతం చెప్పారనుకోండి. వెయిట్ లేకుండా సగటు 60 శాతం. వెయిట్ పెడితే 54. ఆరు పాయింట్లు తేడా, అదీ ఒక్క ఇంటి సైజు వల్లే. ఒంటరిగా ఉండేవాళ్ల వయసు, చదువు, జీవితం పెద్ద కుటుంబాల్లో ఉండేవాళ్లలా ఉండవు, ఎయిడ్స్ మీద అభిప్రాయాలు మారేదీ వీటిని బట్టే, కాబట్టి ఈ తేడా తనంతట తాను సర్దుకుపోతుందని ఆశ పెట్టుకోవద్దు.

అసలు వెయిట్‌లో ఇంటి సైజు ఒక్కటే ఉండదు. కొన్ని వర్గాల్లో మనుషులు తక్కువ కాబట్టి వాళ్లను కావాలనే ఎక్కువగా తీసుకుంటారు, దాన్ని మళ్లీ తగ్గించాలి. జవాబివ్వని ఇళ్ల వాటాను ఇచ్చినవాళ్లకు పంచాలి. చివర్లో వయసు, ఆడ, మగ లెక్కలు జనాభా లెక్కలతో సరిపోయేలా సర్దాలి. ఇవన్నీ కలిసి ఆ ఒక్క అంకెలో ఉంటాయి.

సరే, వెయిట్ పెట్టారు. ఇంకో గొయ్యి ఉంది, ఇది మరీ లోతు. కొన్ని సర్వేల్లో వెయిట్లన్నీ కూడితే దేశ జనాభా వస్తుంది. మామూలు సాఫ్ట్‌వేర్‌కు దాన్ని అలాగే ఇచ్చేస్తే, మీరు నిజంగానే అన్ని లక్షల మందిని అడిగారని అది నమ్ముతుంది. 1000 మందిని అడిగారు, ఒక్కొక్కరి వెయిట్ 1000, సగం మంది అవునన్నారు అనుకుందాం. అసలు పొరపాటు అవకాశం అటూ ఇటూ 3.1 పాయింట్లు. సాఫ్ట్‌వేర్ మాత్రం 10 లక్షల మంది అనుకుని 0.1 పాయింట్ అని చూపిస్తుంది. దాంతో ప్రతి తేడా ముఖ్యమైనదిగానే కనిపిస్తుంది, "ఫలానా వర్గంవాళ్లకు ఎయిడ్స్ రోగులంటే ద్వేషం ఎక్కువ" అని హెడ్డింగ్ పెట్టేస్తారు. మనుషుల మీద ముద్ర వేసే ఇలాంటి విషయంలో ఆ నిర్లక్ష్యం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది.

వెయిట్లను వాటి సగటుతో భాగిస్తే కొంత నయం, కానీ అదీ పూర్తి మందు కాదు. శాంపిల్‌ను గుంపులు గుంపులుగా తీసుకుంటారు, ఒకే చోట ఉండేవాళ్ల జవాబులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. దీనివల్ల అంచనా వేరియన్స్ (చెదురు) ఎన్ని రెట్లయిందో చెప్పే అంకెను డిజైన్ ఎఫెక్ట్ అంటారు. అది 2 ఉందంటే పైన చెప్పిన 3.1 పాయింట్లను 2 వర్గమూలంతో గుణించాలి, 4.4 అవుతాయి. కాబట్టి స్టేటా, ఆర్ లాంటి గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో సర్వేల కోసమే ఉన్న కమాండ్లు వాడి, వెయిట్‌తో పాటు క్లస్టర్ (ఆ మనిషి ఏ గుంపులోంచి వచ్చారో), స్ట్రాటా (శాంపిల్ తీసేముందు దేశాన్ని విడదీసిన భాగాలు) కాలమ్‌లు కూడా చెప్పండి. ఆడవాళ్లను మాత్రమే చూడాలంటే మగవాళ్ల వరసలు డిలీట్ చేయకుండా, ఉపవర్గం అని చెప్పి లెక్కించమనండి. లేకపోతే కొన్ని క్లస్టర్లు మొత్తంగా మాయమై, పొరపాటు అంచనా తప్పుతుంది.

చాలా దేశాల్లో జరిగే డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వేలు, అందరూ డీహెచ్ఎస్ అనేవి, వాడేవాళ్లకు ఒక చిన్న మాట. అందులో వెయిట్ 1245300 అని కనిపిస్తే కంగారు పడొద్దు, దాన్ని 10 లక్షలతో భాగించాలి, 1.2453 అన్నమాట. ఆడవాళ్ల వెయిట్లు, మగవాళ్ల వెయిట్లు విడివిడిగా సర్దినవి, రెండు ఫైళ్లూ కలిపేసి నేరుగా ఒకే శాతం తీయకూడదు. రెండు దేశాలను కలిపినా అంతే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే విషయం. వెయిట్ ఎంత సరిగ్గా పెట్టినా కింద భాగించే సంఖ్య తప్పైతే ఏం లాభం? డీహెచ్ఎస్‌లో ముందు "హెచ్ఐవీ గురించి గానీ ఎయిడ్స్ గురించి గానీ ఎప్పుడైనా విన్నారా?" అని అడుగుతారు (హెచ్ఐవీ అంటే ఎయిడ్స్ తెచ్చే వైరస్). లేదన్నవాళ్లను ఎయిడ్స్ మీద మిగతా ప్రశ్నలు అడగరు. "కూరగాయలు అమ్మే మనిషికి ఆ వైరస్ ఉందని తెలిస్తే వాళ్ల దగ్గర కొంటారా?" అన్న ప్రశ్న విన్నవాళ్లకే. ఒక ప్రాంతంలో 1000 మందిలో 400 మందే విన్నారు, వాళ్లలో 240 మంది కొంటామన్నారు అనుకుందాం. 60 శాతం. ఇంకో ప్రాంతంలో 950 మంది విన్నారు, 475 మంది కొంటామన్నారు. 50 శాతం. పట్టికలో మొదటి ప్రాంతమే ఉదారంగా కనిపిస్తుంది. అందరితో భాగిస్తే మొదటిది 24, రెండోది 47.5, మొత్తం తలకిందులు. పేరు కూడా వినని మనిషికి అభిప్రాయం అంటగట్టడమూ సరికాదు, కాబట్టి నేనైతే రెండు అంకెలూ పక్కపక్కన రాస్తాను, ఎంతమంది విన్నారో కూడా రాస్తాను.

డీహెచ్ఎస్ రిపోర్టుల్లోనే ఉండే సమగ్ర అవగాహన అనే సూచిక దీనికి భిన్నం. కండోమ్ వాడటం, ఇన్ఫెక్షన్ లేని ఒకే భాగస్వామితో ఉండటం రక్షణ ఇస్తాయని, ఆరోగ్యంగా కనిపించే మనిషికీ హెచ్ఐవీ ఉండొచ్చని తెలియాలి, పైగా అక్కడ బాగా చెలామణిలో ఉన్న రెండు అపోహలను కాదనాలి. ఐదూ సరిగ్గా చెబితేనే లెక్క. పేరు విననివాళ్లు కూడా ఇందులో తెలియనివాళ్లుగా లెక్కలోకొస్తారు. పక్కపక్క పట్టికలు, భాగించే సంఖ్యలు వేరు. చూసుకోకుండా పోల్చేవాళ్లు ఎంతమందో.

"తెలియదు" అన్న జవాబును ఏం చేస్తారన్నది కూడా ముందే తేల్చుకోండి. అవగాహన ప్రశ్నల్లో తప్పుతో కలపడం న్యాయమే. వైఖరి ప్రశ్నల్లో మాత్రం తెలియదు అనడం ఒక స్థితి, దాన్ని ద్వేషం కింద జమకట్టొద్దు. ఇంట్లోవాళ్లకు హెచ్ఐవీ ఉంటే రహస్యంగా ఉంచుతారా అన్న ప్రశ్న దగ్గర నాకు ఇంకా ఇబ్బంది ఉంది. అవునన్న మనిషికి రోగి అంటే అసహ్యం ఉండక్కర్లేదు, చుట్టుపక్కలవాళ్లు ఆ రోగిని ఏం చేస్తారో అన్న భయం ఉండొచ్చు. దాన్ని వివక్ష సూచికలో కలిపితే ప్రేమ కూడా వివక్షగానే నమోదవుతుంది. నేను విడిగానే చూపిస్తాను.

శాతాలు వెయిట్‌తో రాయండి, కానీ పక్కన నిజంగా ఎంతమందిని అడిగారో వెయిట్ లేని సంఖ్య కూడా ఇవ్వండి. డీహెచ్ఎస్ రిపోర్టుల్లో 25 మంది కంటే తక్కువ ఉన్న గడిలో అంకె వేయకుండా నక్షత్రం గుర్తు (*) పెడతారు, 25 నుంచి 49 మంది ఉంటే బ్రాకెట్లలో వేస్తారు. ఈ అలవాటు అందరికీ రావాలి.

ఇక, శాంపిల్‌లోకి వచ్చే అవకాశమే లేనివాళ్లను ఏ వెయిటూ తీసుకురాలేదు. ఇళ్లకు వెళ్లి చేసే సర్వేలో జైళ్లలో ఉన్నవాళ్లు, రోడ్ల మీద బతికేవాళ్లు ఉండరు. ఎయిడ్స్ దెబ్బ ఎక్కువగా పడినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. జవాబు చెప్పనని తలుపేసుకున్నవాళ్ల వాటాను చెప్పినవాళ్లకు పంచేటప్పుడు ఇద్దరి ఆలోచనా ఒకటే అని ఊహిస్తున్నాం, కానీ ఎయిడ్స్ మాట ఎత్తగానే వద్దనేవాళ్ల విషయంలో ఆ ఊహ నిలబడటం కష్టం. పట్టిక కింద ఈ రెండు సంగతులూ, ఎంత శాతం మంది జవాబిచ్చారన్నదీ రాసి పెట్టండి, చదివేవాళ్లకు కనిపించేంత పెద్ద అక్షరాల్లో.