కైసేరిలో చెంచాకు నలభై

టర్కీలోని కప్పడోసియా వెళ్లిన మనవాళ్లందరూ బెలూన్ ఎక్కిన ఫోటోలు పెడతారు. నాకూ పెట్టాలనే ఉండింది. గాలి ఎక్కువగా ఉందంటూ బెలూన్ ప్రయాణాలు వరసపెట్టి రద్దు చేస్తూ పోయారు. డబ్బు వెనక్కిచ్చారు, కాదనను. కానీ అక్కడి గోరెమె ఊళ్లో ఏది అడిగినా యూరోల్లోనే చెప్పారు. మెనూ కార్డుల్లో పాత ధర మీద స్టిక్కరు, దాని మీద ఇంకో స్టిక్కరు. వాళ్ల లిరా విలువ పడిపోతే పడిపోయింది, అదంతా మా టీ కప్పులోంచే రాబట్టాలా? చిరాకేసి ముందుగానే కైసేరి బస్సెక్కేశాం. మా విమానం ఎలాగూ అక్కణ్ణుంచే.

టూరిస్టులు కైసేరిలో దిగుతారు, వెళ్లిపోతారు. ఊరి నెత్తిన 3,917 మీటర్ల ఎర్జియెస్ కొండ, మధ్యలో నల్లరాతి కోట, 13వ శతాబ్దంలో సెల్జుక్ సుల్తానుల కాలపు కట్టడాలు. అన్నీ చూశాం, బాగున్నాయి. బజారులో పాస్తర్మా కొట్ల ముందు మాత్రం కాళ్లు ఆగిపోయాయి. ఆరబెట్టిన గొడ్డు మాంసానికి మెంతిపిండి, వెల్లుల్లి, ఎర్రమిరప కలిపిన ముద్ద దట్టంగా పట్టించి వేలాడదీస్తారు. మేం తినం గానీ, మెంతుల ఘాటు వీధంతా ఉంది.

ఆ వెనక సందులో ఒక చిన్న హోటలు. కిటికీ పక్కన బల్ల చుట్టూ ఆడవాళ్లు కూర్చుని మాంతి, అంటే కీమా పెట్టిన బుల్లి పిండి మూటలు, ముడుస్తున్నారు. ముందు మాంసం సంగతి తేల్చుకోవాలి కదా. దనా అంటే గొడ్డు మాంసం, కుజు అంటే గొర్రెపిల్ల. "కుజు?" అన్నాను. పెద్దావిడ తలూపి, పక్కన స్టూలు చూపించింది.

గుడ్డు, ఉప్పు వేసి గట్టిగా కలిపిన మైదా. చేయంత పొడవున్న సన్నటి కర్రతో దాన్ని బల్ల నిండా పల్చగా ఒత్తి, వేలి గోరంత చదరాలుగా కోశారు. ఒక్కోదాంట్లో పెసరగింజంత పచ్చి కీమా. అందులో ఉల్లి, ఉప్పు, మిరియాలు, అంతే. నాలుగు మూలలూ పైకి తెచ్చి ఒక్క నొక్కు. ఆవిడ కళ్లు నా మీద, వేళ్లు పిండి మీద. కోసిన చదరాల మీద తడిగుడ్డ కప్పే ఉంచుతున్నారు. పిండి ఆరితే మూలలు అతుక్కోవు.

చెంచాకు నలభై పట్టాలట. కాబోయే కోడలు అత్తగారికి అలా చేసి చూపించాలని ఇక్కడి మాట. అత్తగార్లు ఎక్కడైనా అంతే. మా ప్లేటు వచ్చాక లెక్కపెడితే నా చెంచాకు పన్నెండు దాటలేదు. మా ఆయన ఆ సంగతే ఫోన్లో తర్జుమా చేసి చూపిస్తే ఆవిడ ఫక్కున నవ్వి, "అప్పటి చెంచాలు పెద్దవి" అంది.

ఉడికిన మాంతి మీద వెల్లుల్లి నూరి కలిపిన చిక్కటి పెరుగు. అది చల్లగా ఉండకూడదు, పొయ్యి పక్కనే పెట్టుకుంటారు. దాని మీద టమాటా ముద్ద, మిరప రవ్వ వేసి కాచిన వెన్న చుయ్యిమంటూ పోశారు. పెరుగుపచ్చడికి తిరగమోత పెట్టినట్టే! పైన పుల్లటి సుమాక్ పొడి, ఎండు పుదీనా. పక్కన ఉప్పు మజ్జిగ. పెరుగులోకి మజ్జిగేమిటని మా ఆయన గొణిగారు గానీ, గ్లాసు ఖాళీ చేసింది ఆయనే.

"మసాలా ఏదీ?" అని కూడా అన్నారు. నిజమే, మాంసం ఉండీ లేనట్టుంటుంది. ఇది పిండి, పెరుగు, వెన్న కలిసి చేసే వంట. లోపల గరం మసాలా కూరితే ఆ పెరుగు ఏమైపోవాలి?

రోజూ ఇంత పని ఎవరు చేస్తారని అడిగితే ఆవిడ యాలాంజి మాంతి చెప్పింది. అంటే దొంగ మాంతి అన్నమాట. మామూలు పాస్తా ఉడికించి, కీమాను ఉల్లితో విడిగా వేయించి, అదే పెరుగు, అదే వెన్న. ఇంటికొచ్చాక మేం చేసుకునేది అదే. కీమా సన్నగా రావాలని రెండోసారి మిషన్లో వేయమంటే మటన్ కొట్టువాడు మొహం చిట్లిస్తాడు. సుమాక్ దొరకనప్పుడు పైన కాస్త నిమ్మరసం పిండుతున్నాను. మా ఆయన ప్లేటులో కీమాకి మాత్రం గరం మసాలా పడుతోంది, ఆపడం నా వల్ల కాలేదు.