నెలకు ఐదొందలు

మన బడి సంచికకు ఏదైనా రాసివ్వమని హెచ్‌ఎం గారు ఫోన్ చేయగానే, మన బడిలో ఎనిమిదో తరగతి గది వెనకున్న వరండా గుర్తొచ్చింది. సాయంత్రం బెల్లు కొట్టాక మిగతా పిల్లలంతా ఇళ్లకు పోయేవారు. మేం పదకొండు మందిమి మాత్రం ఆ వరండాలో గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాళ్లం. లెక్కల మాస్టారు పాత ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించి తెచ్చేవారు. ఇద్దరికి ఒక కాపీ. జవాబులు దాని మీద రాయకూడదు, ఎందుకంటే మర్నాడు అదే కాపీ ఇంకో ఇద్దరికి వెళ్లాలి. ఒక్కోరోజు ఉడకబెట్టిన శనగలు తెచ్చేవారు. ఆ జిరాక్సులకూ శనగలకూ డబ్బులు ఎక్కడివని మేమెప్పుడూ అడగలేదు. ఆ సంగతి ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గుగా ఉంటుంది.

అది 2012. ఆ పరీక్ష పేరు ఎన్‌ఎంఎంఎస్, అంటే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్ అది. దేశం మొత్తం మీద ఏడాదికి లక్ష మందికి ఇస్తారు. ప్రభుత్వ బడిలోనో, ఎయిడెడ్ బడిలోనో ఎనిమిది చదువుతూ ఉండాలి. ఇంటి ఆదాయం అప్పట్లో ఏడాదికి లక్షన్నర దాటకూడదు. రెండు పేపర్లు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఒకటి తెలివికి సంబంధించింది, రెండోది మన పాఠాల మీద. వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లు నెలకు 500 రూపాయలు. మా ఇంట్లో అప్పటికి ఆ ఐదొందలు చాలా పెద్ద మాట.

శ్రీకాకుళం జిల్లాలో మన ప్రాంతం పేరు ఉద్దానం. ఉద్దానం అంటే ఉద్యానవనం అని మన పెద్దలు చెబుతారు. ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస. అంత పచ్చదనం మధ్య ఒక ఇంటి తర్వాత ఒక ఇంట్లో కిడ్నీ జబ్బు. పెళ్లిలో కలిసినా, సంతలో కలిసినా “క్రియాటిన్ ఎంతుంది?” అనే పలకరింపు. కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష లెక్క అది. ఇది చదివే మీలో చాలామందికి ఆ పలకరింపు కొత్త కాదు. మా నాన్న కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపేవాడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు కాళ్లు వాయడం మొదలైంది. చెట్టు సగం ఎక్కి ఆయాసంతో దిగిపోయిన రోజు ఇంటికొచ్చి, చెట్టెక్కే మోకు గోడకి తగిలించాడు. మళ్లీ దాన్ని తీయలేదు.

అమ్మ జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టేది. జీడిపిక్క చిట్లినప్పుడు వచ్చే రసం చేతికి తగిలితే కాలుతుంది. బూడిద రాసుకుని కూర్చున్నా వేళ్లు నల్లబడి, తోలు ఊడి, మళ్లీ వచ్చి, మళ్లీ ఊడుతుంది. నాన్న పనిలోకి పోలేని పరిస్థితి వచ్చాక, నన్ను కూడా తనతో తీసుకెళ్లాలని అమ్మ అనుకుంది. అందులో అమ్మ తప్పేమీ లేదు. మా వీధిలో నా వయసు అమ్మాయిలు అప్పటికే నలుగురు వెళ్తున్నారు.

నేను రెండ్రోజులు బడికి రాకపోయేసరికి లెక్కల మాస్టారు సైకిల్ మీద మా ఇంటికొచ్చారు. అమ్మ గుమ్మంలోనే చెప్పేసింది: “గుంటని తీసికెల్తే రోజుకి వందొస్తాది మేస్టారూ. ఆయనకి మందులెక్కడి నుంచి తెత్తాను?” మాస్టారు చదువు గొప్పదనం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. జేబులోంచి పెన్ను తీసి, సిగరెట్ పెట్టె అట్ట మీద లెక్క వేశారు. నెలకు 500, ఏడాదికి 6,000, నాలుగేళ్లకు 24,000. అమ్మకి చదువు రాదు గానీ డబ్బు లెక్క వచ్చు. అట్ట వంక చూసి ఒకటే అడిగింది.

“మద్దిలో బడి మానిపిస్తే?”

“ఆపేస్తారమ్మా. తొమ్మిది ఒక్కసారికే పాసవ్వాలి. పదిలో అరవై శాతం రావాలి. లేకపోతే ఆగిపోతుంది.”

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “పరీచ్చ ఎప్పుడు?” అంది.

ఆ స్కాలర్‌షిప్ నాకు చేసిన అసలు మేలు ఆ సంభాషణలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఐదొందలతో పుస్తకాలు కొనుక్కున్నది తక్కువ. కానీ నేను బడి మానేస్తే ఇంటికి నష్టం అనే లెక్క ఒకటి మొదటిసారి పుట్టింది. అప్పటిదాకా ఆడపిల్ల బడికి వెళ్తే నష్టం అనేదే లెక్క.

నవంబరులో ఒక ఆదివారం టెక్కలిలో పరీక్ష. పదకొండు మందిని మాస్టారే బస్సెక్కించి తీసుకెళ్లారు. మొదటి పేపర్లో బొమ్మల ప్రశ్నల దగ్గర టెన్షన్‌తో చెయ్యి వణికింది. ఆ తర్వాత ఎలా రాశానో గుర్తు లేదు. ఉమ్మడి రాష్ట్రం మొత్తానికి 7 వేల చిల్లర స్కాలర్‌షిప్పులుంటే, మా వరండా నుంచి ముగ్గురికి వచ్చాయి. రానివాళ్లలో నా స్నేహితురాలు ఉంది. ఆమె ఆ వేసవి నుంచే పిక్కలకి వెళ్లింది. మా ఇద్దరి మధ్య తేడా నాలుగైదు మార్కులే. ఇది రాయకుండా నా కథ మాత్రమే చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

డబ్బు వెంటనే రాలేదు. బడి రిజిస్టరులో నా ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా పడింది. ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు, ఆ ఆఫీసు వాళ్లు మళ్లీ మొదటి చోటికే పొమ్మన్నారు. అమ్మ మూడు రోజుల కూలి పోగొట్టుకుంది. చివరికి మాస్టారు దగ్గరుండి ఉత్తరాలు రాయించారు. తొమ్మిదో తరగతి డబ్బు నేను పదిలోకి వచ్చాక ఒక్కసారే 6,000 పడింది.

అందులో మూడు వేలు నాన్న టెస్టులకీ ప్రయాణాలకీ పోయాయి. నేను ఏడ్చాను. ఆల్ ఇన్ వన్ గైడు కొనుక్కుందామని ఎన్ని రోజులుగానో అనుకుంటున్నాను. అమ్మ కోప్పడలేదు. “నీ డబ్బు మూడేలు వాడీసినాను. నీకు బాకీ ఉన్నాను” అంది. ఓదార్చడానికి అన్నదనుకున్నాను.

ఇంటర్ బైపీసీ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో. అప్పటికి నాన్నకు డయాలసిస్ మొదలైంది. తెల్లవారుజామున పలాసలో పాసింజర్ ఎక్కి విశాఖలో కేజీహెచ్ అనే పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, రాత్రికి తిరిగి రావడం. వారానికి రెండుసార్లు. డయాలసిస్‌కు వెళ్లేవారికి రైల్వే టికెట్‌లో రాయితీ ఉంటుందని ఆసుపత్రిలో ఎవరో చెబితే, ఆ ఫారం నేనే నింపాను. నా చదువు ఇంటికి పనికొచ్చిన మొదటి సందర్భం అది. నాన్న ఆ కాగితాన్ని పాలిథిన్ కవర్లో పెట్టుకుని, బోగీలో పక్కవాళ్లకి “మా గుంట నింపింది” అని చూపించేవాడు. 2016లో నాన్న పోయాడు. కిడ్నీ రోగులకు పింఛను ఆ తర్వాతి ఏడాది వచ్చింది. పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. ఆ భవనం ముందు నుంచి బస్సు వెళ్లినప్పుడల్లా ఏడేళ్లు అని లెక్కపెట్టుకుంటాను.

డిగ్రీ శ్రీకాకుళంలో, బీసీ హాస్టల్లో ఉండి చదివాను. 2018 అక్టోబరు 11 తెల్లవారేసరికి తిత్లీ తుపాను మన ఊళ్లమీద పడింది. ఫోన్లు కలవక రెండు రోజులు ఏమీ తెలియలేదు. మూడో రోజు దారిలో పడిన చెట్లు దాటుకుంటూ నడిచి ఇంటికి చేరాను. రేకులు లేచిపోయిన ఇంట్లో అమ్మ పొయ్యి రాజేసి కూర్చుంది. జీడిచెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి. మళ్లీ కాపుకొచ్చే చెట్టు కావాలంటే ఏళ్లు పడుతుంది. చెట్టు లేకపోతే పిక్క లేదు, పిక్క లేకపోతే అమ్మకి పని లేదు. చదువు ఆపేస్తానని నేనే అన్నాను. “ఇన్నాల్లూ ఆపనిది ఇప్పుడాపుతావేటి?” అని అమ్మ నన్ను మర్నాడే పంపేసింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ సీటు వచ్చింది. కరోనా వల్ల ఆ ఏడాది అడ్మిషన్లు ఆలస్యమయ్యాయి. ఫీజు ప్రభుత్వం ఇస్తుంది గానీ, చేరేటప్పుడు చేతిలో ఎంతో కొంత ఉండాలి. బయల్దేరే ముందు రోజు రాత్రి అమ్మ బియ్యం డబ్బా అడుగు నుంచి గుడ్డ మూట తీసింది. లెక్కపెడితే మూడు వేలు. “బాకీ” అంది. నేను ఎప్పుడో మర్చిపోయాను. తను ఆరేళ్లు గుర్తుపెట్టుకుంది.

తర్వాత ఫీజు డబ్బులు తల్లి ఖాతాలో వేసే పద్ధతి వచ్చినప్పుడు అమ్మ వేలిముద్ర పడలేదు. పదివేళ్లూ పెట్టి చూశారు. జీడి రసం గీతలన్నీ తినేసింది. చివరికి కళ్లు స్కాన్ చేశారు. ఆ సాయంత్రం అమ్మ ఫోన్‌లో సంబరంగా చెప్పింది, నేను మాత్రం హాస్టల్ బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

మహారాణిపేట హాస్టల్ నుంచి కేజీహెచ్ దగ్గరే. మొదటి నెలంతా ఆ వైపు వెళ్లలేకపోయాను. తెలుగు మీడియంలో చదివిన నాకు ఇంగ్లిష్ పాఠాలు అందక, రాత్రుళ్లు ఒక్కో పేజీ తెలుగులో రాసుకుని మళ్లీ ఇంగ్లిష్‌లోకి తెచ్చుకునేదాన్ని. రెండో సెమిస్టర్లో క్రియాటినిన్ కొలిచే ప్రాక్టికల్ వచ్చింది. పసుపు రంగు ద్రావణం నారింజలోకి తిరుగుతుంటే, మా ఊళ్లో చిన్నప్పటి నుంచి విన్న మాటకు ఒక రంగు ఉందని అప్పుడు చూశాను. ల్యాబ్ అయ్యాక కేజీహెచ్ దాకా నడిచి వెళ్లి, నాన్న కూర్చునే చోట కాసేపు కూర్చుని వచ్చాను.

ఇప్పుడు విశాఖ దగ్గర పరవాడలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. అమ్మ పిక్కల పని మానేసింది.

ఎనిమిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదివితే, స్కాలర్‌షిప్ ఇప్పుడు నెలకు వెయ్యి రూపాయలు, ఏడాదికి 12,000. ఆదాయ పరిమితి మూడున్నర లక్షలకు పెంచారు. బడి రికార్డులో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో పిల్లల పేరు ఒక్కలాగే ఉందో లేదో ముందే చూసుకోండి, మాలా తిరక్కండి. హెచ్‌ఎం గారితో మాట్లాడాను. పరీక్ష అయ్యేదాకా రెండు వారాలకొక ఆదివారం నేను వస్తాను, అదే వరండాలో. మాస్టారి పాత జిరాక్సులు కొన్ని నా దగ్గరున్నాయి, మార్జిన్లలో ఆయన చేతిరాతతో సహా. ఈసారి పిల్లకొక కాపీ తీయిస్తాను. శనగలు అమ్మ ఉడకబెట్టి తెస్తానంది.