లూప్ లైనులో 40 నిమిషాలు

ఈ రోజు ఆదివారం. ఉదయం ఎనిమిదికి కంప్యూటరు ముందు కూర్చుని, కాలిఫోర్నియా తీరం వెంట 1980ల ప్రారంభంలో సదరన్ పసిఫిక్ రైల్వే సంస్థ నడిపిన గూడ్సు బండ్లలాంటిదాన్ని ఒకటి తయారుచేసుకుని, శాంటా మార్గరీటా నుంచి శాంటా బార్బరా వైపు నడిపాను. నడిపానని రాసుకుంటున్నాను గాని, అందులో చాలా భాగం ఆగి ఉండడంతోనే గడిచింది; ఆ సంగతి రాసుకోవడానికే ఈ పుట.

నేను వాడేది ఓపెన్ రైల్స్ అనే సిమ్యులేటర్, అంటే కంప్యూటర్లో రైలు నడిపే ఆట. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ కోసం ఔత్సాహికులు తయారుచేసిన మార్గాలను అది ఇప్పటికీ చదువుకోగలదు. బొమ్మలు పాతబడ్డాయి, చెట్లు అట్టముక్కల్లా ఉంటాయి. కాని గాలి బ్రేకుల లెక్కను అది పట్టించుకున్నంతగా నేను ఆడిన మరే ఆటా పట్టించుకోలేదు. నాకు కావలసింది అదే.

బండికి ముందు నాలుగు ఎస్‌డీ45టీ-2 ఇంజన్లు పెట్టాను. వీటిని టన్నెల్ మోటార్లని పిలుస్తారు. పొడవాటి సొరంగాల్లో ముందు ఇంజన్లు వదిలిన వేడి పొగ పైకప్పు కింద పేరుకుపోతే వెనక ఇంజన్లు ఆ వేడినే పీల్చుకుని ఉడికిపోయేవి కనుక, ఈ రకంలో గాలి తీసుకునే ద్వారాన్ని కిందికి, నడక పలక ఎత్తుకు దించారు. వాటి వెనక కలగాపులగంగా 3,000 టన్నుల వ్యాగన్లు, చివర గార్డు వ్యాను. దిక్కుల విషయంలో మాత్రం ఆ సంస్థ లెక్కే వేరు: శాన్‌ఫ్రాన్సిస్కో వైపు పోయేదంతా టైంటేబుల్లో పడమటి బండి, అటునుంచి వచ్చేదంతా తూర్పు బండి. దక్షిణానికి దిగుతున్న నా బండి కాగితం మీద తూర్పుకు పోతోందన్నమాట. ఈ లెక్క తెలియని రోజుల్లో ఎదురు బండిని తప్పు కొస నుంచి బయలుదేరదీసి, అది ఎంతకీ రావడం లేదేమని రెండు సాయంత్రాలు ఎదురుచూసిన ఘనత నాది.

శాంటా మార్గరీటా దాటితే కువెస్టా కొండ. అక్కడి నుంచి శాన్ లూయిస్ ఒబిస్పో దాకా సొరంగాలు, గుర్రపు నాడా వంపు, స్టెన్నర్ వాగు మీది ఉక్కు వంతెన, వెయ్యి అడుగులకు పైబడిన దిగుడు. వాలు 2.2 శాతం. కంటికి అదేమంత వాలుగా కనిపించదు, కాని 3,000 టన్నుల వ్యాగన్లను అది 66 టన్నుల బలంతో కిందికి లాగుతూ ఉంటుంది. ఇంజన్లలోని డైనమిక్ బ్రేకు, అంటే మోటార్లను జనరేటర్లుగా తిప్పి పుట్టిన కరెంటును వేడిగా వదిలేసే ఏర్పాటు, ఆ లాగుడులో కొంత మాత్రమే ఆపగలిగింది. మిగతాది గాలి బ్రేకు చూసుకోవాలి. అమెరికా గూడ్సు బండ్ల గాలి బ్రేకులో చిక్కేమిటంటే, పట్టును కొంచెం కొంచెంగా పెంచవచ్చు గాని కొంచెం కొంచెంగా సడలించడం కుదరదు, వదిలితే పూర్తిగా వదలాల్సిందే. వదిలాక ప్రతి వ్యాగను కింది గాలి తొట్టె మళ్లీ నిండడానికి నిమిషాలు పడుతుంది, అది నిండకముందే మళ్లీ వేస్తే మొదటిసారి పట్టినట్టు పట్టదు.

ఇదంతా తెలిసి కూడా ఉదయం మొదటి ప్రయత్నంలో తొందరపడ్డాను. బండి పొడవునా పోయే గొట్టంలో గాలి ఒత్తిడి తగ్గిస్తే బ్రేకు పడుతుంది; చదరపు అంగుళానికి 90 పౌండ్లు ఉన్నదాన్ని ఒక్కసారిగా 80కి దించాను. బండి మరీ నెమ్మదించిందని విసుగుపుట్టి వదిలేశాను. రెండు నిమిషాల్లో వేగం 30 మైళ్లు దాటింది, మళ్లీ వేశాను, పట్టు చాలలేదు, ఇంకా దించాను, చివరికి ఎమర్జెన్సీ మీట లాగి ఒక సొరంగం నోట్లో నిలిచిపోయాను. రెండోసారి శిఖరం మీదే, వేగం పుంజుకోకముందే, ఏడు పౌండ్లు మాత్రం దించి దాన్ని అలాగే ఉంచి, హెచ్చుతగ్గులన్నీ డైనమిక్ బ్రేకుతోనే సర్దుకుంటూ వచ్చాను. వంతెన మీద వేగం ముల్లు 20 మైళ్ల దగ్గర కదలకుండా నిలబడింది. సిమ్యులేటర్లో బరువు ఒంటికి తెలియదు. కుర్చీ ఊగదు, వెనక నుంచి ఎవరూ నెట్టరు. ఆ బరువును ముల్లు కదలికలోనే వినాలి.

సముద్రం ఆ తర్వాత. సర్ఫ్ అనే ఊరు దాటాక పట్టాలు వాండెన్‌బర్గ్ సైనిక స్థావరం గుండా, నీటికి ఎగువన గట్టు అంచున పోతాయి. మామూలు జనానికి దారి లేని ఆ తీరంలో కొంత భాగాన్ని చూడాలంటే రైలే దిక్కు. 1923 సెప్టెంబరు 8 రాత్రి పొగమంచులో దారి తప్పిన ఏడు అమెరికా యుద్ధనౌకలు హోండా దగ్గరి ఈ రాళ్లకే తగిలి 23 మంది నావికులు చనిపోయినప్పుడు, సాయానికి వచ్చినవారిలో రైల్వే పనివారూ ఉన్నారు. అందుకే అక్కడికి రాగానే ఆటలో పొగమంచు పెట్టుకున్నాను. రాళ్లు కనబడలేదు. కనబడకపోవడమే సబబుగా తోచింది.

పాయింట్ కన్సెప్షన్ దగ్గర లూప్ లైనులోకి, అంటే ఎదురు బండికి దారి ఇవ్వడానికి మెయిన్ లైను పక్కన వేసిన లైనులోకి, తిరిగి ఆగాను. ఇది ఒంటి లైను; ఎదురుగా వచ్చే కోస్ట్ స్టార్‌లైట్ ప్రయాణికుల బండి, దానికి గూడ్సు దారి వదలాలి. నేను ముందే చేరాను కనుక 40 నిమిషాలు వేచి ఉండాలి. కాలాన్ని వేగంగా తిప్పే మీట ఒకటుంది, ఇన్నాళ్లూ ఇలాంటి చోట దాన్నే నొక్కాను. ఈ రోజు నొక్కలేదు. గూడ్సు డ్రైవరు దినచర్యలో కొండ దిగడం ఎంత నిజమో ఇదీ అంతే నిజం కదా, దీన్ని కత్తిరించి తక్కినదాన్ని నిజమని ఎలా అనుకోను? ఇంజను గుడగుడ వింటూ, కంప్రెసరు ఎన్ని నిమిషాలకొకసారి మొదలవుతుందో లెక్కపెట్టాను. తెరలోని అలలు ఒకే వరుసలో పదేపదే వస్తున్నాయని ఇరవయ్యో నిమిషానికి గమనించాను, ఆ పైన సముద్రం వైపు చూడబుద్ధి కాలేదు. ముప్పయ్యో నిమిషంలో ఒకసారి చెయ్యి మీట దాకా వెళ్లి వచ్చింది.

స్టార్‌లైట్ వచ్చింది, పట్టుమని పదిహేను సెకన్లలో వెళ్లిపోయింది. బ్రేకు వదిలి, తోక దాకా గాలి చేరేవరకు మళ్లీ ఆగి, ఇంజను శక్తి మీటకు మొదటి నాచ్, అంటే మొదటి మెట్టు, ఇచ్చాను. గార్డు వ్యాను రెండు లైన్లు కలిసే పాయింట్లు దాటి మెయిన్ లైను మీదికి వచ్చేదాకా వేగం పెంచకుండా లాగి, అక్కడ సేవ్ చేశాను. గావియోటా వంతెన వచ్చే ఆదివారం.