కన్నున్న కెమెరా, కన్ను లేని కెమెరా

మా అమ్మ ఇంట్లో టీవీ పక్కన గోడకి ఒక మేకు ఖాళీగా ఉంది. పాత క్యాలెండర్ తీసేశాక దానికి ఏదీ తగిలించలేదు. చిన్నాన్న కూతురి పెళ్లికని బెంగళూరు నుంచి కారులో హైదరాబాద్ వచ్చిన మా తమ్ముడు ఆ మేకు వైపు చూసి, "నేను తీసిన ఫొటో ఒకటి ఫ్రేమ్ కట్టించి ఇక్కడ పెడతానమ్మా" అన్నాడు. నేను ఊరుకుంటానా? "నీ కెమెరాతో తీసిందా, నా కెమెరాతో తీసిందా, అది అమ్మ తేలుస్తుంది" అన్నాను. అలా మొదలైంది.

వాడు తిరిగి బెంగళూరు వెళ్తూ నన్ను హిందూపురం దాకా తీసుకెళ్లాలి, నేను అక్కడ రైలెక్కి వెనక్కి రావాలి. దారిలో బెలుం గుహలు, గండికోట, లేపాక్షి, వీరాపురం. ఫిబ్రవరి కాబట్టి ఎండ భయం అంత లేదు.

నాది నికాన్ జెడ్ 30. వాడిది కెనాన్ ఆర్ 50. రెండూ ఫోన్ వదిలి మొదటిసారి కెమెరా పట్టేవాళ్ల కోసం చేసినవే. రెండింట్లోనూ పాత పెద్ద కెమెరాల్లో ఉండే అద్దం లేదు, వెలుగుని పట్టే సెన్సరు కూడా రెండింట్లో ఏపీఎస్-సీ అనే మధ్యరకం సైజుదే, ధరా ఇంచుమించు ఒకటే. నాది 2022లో వచ్చింది, 20.9 మెగాపిక్సెళ్లు. వాడిది 2023లో వచ్చింది, 24.2. ఆ మూడు మెగాపిక్సెళ్ల గురించి వాడు దీపావళి నుంచి చెబుతూనే ఉన్నాడు. అసలు తేడా వేరే ఉంది. వాడి కెమెరాకి కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ ఉంది, నా దానికి లేదు. వెనకున్న స్క్రీన్ చూసే తీయాలి. "అక్కా, నీది గుడ్డి కెమెరా" అనేవాడు. ఫోన్‌లో పదేళ్లు అలాగే తీశాం కదా, దానికేం అనుకునేదాన్ని నేను.

తెల్లవారుజామున బయల్దేరి కర్నూలులో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. బనగానపల్లె దాటాక రోడ్డుకి అటూ ఇటూ నాపరాళ్ల గుట్టలు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి బెలుం.

గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లట. మనల్ని తిరగనిచ్చేది అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు. సున్నపురాయిని నీళ్లు తొలుచుకుంటూ పోగా మిగిలిన సొరంగాలివి. ఏసీ కారులోంచి దిగి నేరుగా లోపలికి వెళ్లడం మేం చేసిన మొదటి తప్పు. గుహలో ఉక్కపోత, లెన్సులు చల్లగా ఉన్నాయి. రెండింటి మీదా ఒక్కసారే ఆవిరి పట్టేసింది. తమ్ముడు చొక్కా అంచుతో తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పావుగంట అలా నిలబడితే అదే పోయింది. ఆ పావుగంటలో మా పక్కనుంచి మూడు కుటుంబాలు ఫోన్లతో సెల్ఫీలు దిగి వెళ్లిపోయాయి.

లోపల అక్కడక్కడ పసుపు దీపాలు తప్ప వెలుగు లేదు. కెమెరా అన్నాక చీకట్లోనే దాని సంగతి బయటపడుతుంది. మా రెండింటికీ బాడీలో చేతి వణుకుని ఆపే ఏర్పాటు లేదు, లెన్సులో ఉన్నదే దిక్కు. పక్కపక్కన నిలబడి, ఒకే గోడని, సెకనులో పదిహేనో వంతు షట్టర్‌తో తీశాం. కెమెరాతో వచ్చిన నా 16-50 ఎంఎం లెన్సు (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత వెడల్పు దృశ్యం పడుతుంది) ఎఫ్ 3.5 దాకా తెరుచుకుంటుంది; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లోపలికొచ్చే వెలుగు ఎక్కువ. వాడి 18-45 లెన్సు 4.5 దగ్గరే ఆగిపోతుంది. దాంతో నాకు ఐఎస్ఓ, అంటే వెలుగుని కెమెరా పెంచి చూపే మోతాదు, 4000 సరిపోయిన చోట వాడికి 6400 కావాల్సి వచ్చింది. కాగితం మీద చిన్న తేడానే. రాత్రి లాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే మాత్రం వాడి ఫొటోలో రాతి మడతల మీద రవ్వ చల్లినట్టు ఉంది. మూడు మెగాపిక్సెళ్లు అక్కడ ఎందుకూ పనికి రాలేదు.

వాడూ తక్కువ తినలేదు. సంచిలోంచి 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు తీశాడు. చీకటికి మందే, ఒప్పుకుంటాను. కానీ ఆ సన్నటి సందులో దాంతో నన్ను తీస్తే ఫ్రేమ్‌లో పట్టింది నా చెవి, సగం రాయి. వెనక్కి జరగడానికి చోటేదీ? కాసేపటికి సైలెంట్ మోడ్ పెట్టి తీశాడు. ఫొటో అంతా అడ్డంగా నల్లచారలు, జంపఖానాలా. దీపాలు మన కంటికి తెలియకుండా మిణుకుమిణుకుమంటాయి, ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సరుని పైనుంచి కిందకి వరుసగా చదువుతుంది, అందుకే ఆ చారలు. ఇలాంటి దీపాల కింద ఆ మోడ్ జోలికి పోకపోవడమే మంచిది, ఏ కంపెనీ కెమెరా అయినా సరే. భూమికి 150 అడుగుల కింద ఉన్న పాతాళగంగ దాకా దిగి చెమటలు కక్కుతూ పైకొచ్చాం.

రాత్రి గండికోటలో బస. రాగిసంగటి, నాటుకోడి పులుసు తిని, కెమెరాలు ఛార్జింగ్ పెట్టబోయాం. నా పాత ఫోన్ ఛార్జర్‌కి నా కెమెరా పలికింది, వాడిది పలకలేదు. దానికి పీడీ (పవర్ డెలివరీ) రకం ఛార్జర్ కావాలి, అది వాడు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. చివరికి నా పవర్ బ్యాంకే వాడి పరువు కాపాడింది. రెండింటి బ్యాటరీలూ చిన్నవే. రోజంతా తిరిగేవాళ్లు ఇంకోటి కొనుక్కుని జేబులో వేసుకోవాల్సిందే.

పొద్దున్నే ఐదున్నరకి లోయ అంచుకి చేరాం. ఎర్రమల కొండల్ని పెన్నా చీల్చుకుంటూ పోయిన చోటు అది. కింద నీళ్లు, రెండు వైపులా ఎవరో ఇటుకలు పేర్చినట్టు ఎర్రరాయి గోడలు. రైలింగులు లేవు, చూసుకుని అడుగు వేయాలి. గాలి మాత్రం విపరీతం.

ఇక్కడే నేనొక వెధవ పని చేశాను. కింద రాతి అరుగు మీద ఏదో పక్షి కనిపిస్తే దూరాన్ని దగ్గర చేసే 50-250 లెన్సు పెడదామని, ఆ గాలిలో, కెమెరాని నోరు పైకి పెట్టి లెన్సు మార్చాను. పక్షి ఎగిరిపోయింది. మళ్లీ పాత లెన్సు బిగించాను. రెండుసార్లు సెన్సరుకి గండికోట దుమ్ము తినిపించానన్నమాట. సెన్సరు మీద దుమ్ము పడితే ఫొటోలో మచ్చవుతుంది. కెమెరాని కిందకి వంచి, గాలికి వీపు పెట్టి మార్చాలని నాకు తెలుసు. తెలిసి చేసిందే.

సూర్యుడు రాకముందు పదిహేను నిమిషాలు నాదే రాజ్యం. 16 ఎంఎం అంటే, ఈ సెన్సరు సైజుకి లెక్కేస్తే, పాత ఫిల్మ్ కెమెరాల 24 అవుతుంది. కెనాన్ సెన్సరు ఇంకాస్త చిన్నది కాబట్టి వాడి 18 కాస్తా దాదాపు 29. ఐదే కదా అనుకుంటాం. ఆ అంచు మీద నిలబడితే ఆ ఐదు విలువ తెలుస్తుంది. నా ఫ్రేమ్‌లో ఇవతలి గోడా, అవతలి గోడా, మధ్యలో నది వంపూ పట్టాయి. వాడికి ఏదో ఒక గోడ వదులుకోవాల్సిందే. వెనక్కి జరిగితే పొదలు అడ్డం, ముందుకి జరిగితే పెన్నా. నాకు ఇంకో సుఖం ఉంది. కెమెరా మీద రెండు చక్రాలు, బొటనవేలికి ఒకటి, చూపుడువేలికి ఒకటి. వాడికి ఉన్నది ఒక్కటే చక్రం. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో పడే వెలుగు, తగ్గించాలంటే ముందు బటన్ నొక్కి, తర్వాత అదే చక్రం తిప్పాలి. వెలుగు నిమిషానికో రకంగా మారుతుంటే వాడు బటన్లు వెతుక్కుంటున్నాడు.

"ఒక్కసారి నీది ఇవ్వక్కా" అన్నాడు చివరికి. బతిమాలించుకుని ఇచ్చాను. లెన్సు రంధ్రం బాగా చిన్నదయ్యేలా ఎఫ్ 11 పెట్టి నాలుగు తీశాడు.

అంతలో సూర్యుడు పైకొచ్చాడు. అక్కడితో నా రాజ్యం అయిపోయింది. స్క్రీన్ మీద ఎండ పడితే కనిపించేది నా మొహమే. వెలుగు పూర్తిగా పెంచినా అంతే. చేత్తో నీడ పట్టాను, లాభం లేదు. ఇక చున్నీ తీసి తల మీదా, కెమెరా మీదా కప్పుకుని అందులోంచి చూస్తూ తీశాను, పాతకాలం స్టూడియోల్లో నల్లగుడ్డ కప్పుకునేవాళ్లే, అలా. పక్కన తమ్ముడు హాయిగా కన్ను ఆనించి తీసుకుంటున్నాడు. జామా మసీదు మినార్లు, మాధవరాయ గుడి గోపురం, ధాన్యాగారం, అన్నీ అలా చున్నీ కిందనుంచే చూశాను. అక్కడికి విహారానికి వచ్చిన ఒక పెద్దాయన, "ఏమ్మా, ఎండ దెబ్బ తగిలిందా?" అని నీళ్ల సీసా ఇవ్వబోయాడు.

తాడిపత్రి, అనంతపురం మీదుగా లేపాక్షి చేరేసరికి మూడు దాటింది. ఇక్కడ చెప్పడానికి పెద్దగా లేదు, ఎందుకంటే రెండు కెమెరాలూ సమానంగానే పనిచేశాయి. వీరభద్రస్వామి గుడి మండపం కప్పు నిండా విజయనగర కాలం నాటి రంగుల చిత్రాలు. మెడ పడిపోయేలా పైకి చూస్తూ తీయాల్సిన పని లేదు, రెండింటికీ స్క్రీన్ పక్కకి తెరుచుకుని తిరుగుతుంది. కెమెరాని పొట్ట దగ్గర ఆకాశం వైపు పెట్టి, స్క్రీన్ మన వైపు తిప్పుకుంటే చాలు. వేలాడే స్తంభం కిందకి కండువాలు దూర్చి లాగుతున్నవాళ్లని నేలమట్టంగా తీయడానికీ అదే ఉపాయం. తమ్ముడు తన కెమెరాకున్న బుల్లి ఫ్లాష్ పైకి లేపబోతే అక్కడున్న కాపలా మనిషి కసిరాడు. మంచి పని చేశాడు. నా కెమెరాకి ఫ్లాష్ లేకపోవడం మొదటిసారి గౌరవంగా అనిపించింది. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ చిత్రాల్లోని ఎరుపు, కావిరంగు, కెమెరా తానే రంగులు దిద్ది ఇచ్చే వాడి జేపెగ్‌లలో కంటికి ఇంకా నిండుగా కనిపించాయి. నేను రా ఫైలుని, అంటే కెమెరా దిద్దని ముడి ఫొటోని, దిద్దుకుంటే గానీ ఆ రంగు రాలేదు.

రాత్రి హిందూపురంలో ఉండి, మర్నాడు పొద్దున్నే చిలమత్తూరు మండలంలోని వీరాపురం వెళ్లాం. ఊరంటే మామూలు ఊరే. కానీ ఇళ్ల మధ్య చింతచెట్ల మీద కొంగలే కొంగలు. ఎర్రకాళ్ల కొంగలంటారు. ఊళ్లోవాళ్లు కొందరు సైబీరియా కొంగలంటారు గానీ ఇవి మన దక్షిణాసియా పక్షులే, గుడ్లు పెట్టే కాలానికి నీళ్లూ చెట్లూ చూసుకుని వస్తాయి. నారింజ రంగు బోడి తల, కొస కాస్త వంగిన పొడుగాటి పసుపు ముక్కు, తోక దగ్గర ఎవరో గులాబీరంగు కుంచె దులిపినట్టు ఈకలు. అరుపులు లేవు. ముక్కులు టకటక కొట్టుకోవడమే వాటి మాట. కింద ఇంటి అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న ఒక అవ్వ, "మెల్లగా మాట్లాడండమ్మా, మా ఆడపిల్లలు కాన్పుకొచ్చినట్టు వచ్చినాయి" అంది.

ఇక్కడ నా లెక్కలన్నీ తిరగబడ్డాయి. జూమ్ నాదే పెద్దది. నా 250 ఇక్కడ 375తో సమానం, వాడి 210 అంటే 336. పైగా నా లెన్సు ఎఫ్ 6.3 దగ్గర ఆగుతుంది, వాడిది 7.1కి వెళ్తుంది. ఈ అంకెలు చూసే నేను దుకాణంలో మురిసిపోయింది. తీరా అంత పొడుగు లెన్సుని, కంటికి ఆనించకుండా, చేతులు చాచి పట్టుకుంటే ఏమవుతుందో అక్కడ ఎవరూ చెప్పలేదు. కొంగ ఫ్రేమ్‌లోకి వస్తుంది, పోతుంది. అది ఎగిరితే ఆ చిన్న స్క్రీన్‌లో ఎక్కడుందో వెతుక్కోవడానికే సరిపోతుంది. తమ్ముడు మోచేతులు పక్కటెముకలకి ఆనించి, కెమెరా నుదుటికి అదిమి పట్టుకుంటే అది మూడో చేతిలా పనిచేస్తోంది. దానికి తోడు ఆర్ 50కి పక్షుల్ని గుర్తుపట్టడం వచ్చు. కొంగ కంటి మీద చిన్న చతురస్రం అతుక్కుని, అది తల తిప్పినా వదలదు. నా దానికి మనుషులు తెలుసు, కుక్కలు, పిల్లులు తెలుసు. కొంగ తెలియదు. కొమ్మ మీద ఫోకస్ పెట్టి, "ఇదేగా మీరడిగింది" అన్నట్టు చూస్తుంది.

"ఇదిగో, పట్టు" అని వాడు తన కెమెరా నా మెడలో వేశాడు. బతిమాలించుకోకుండా ఇచ్చాడు, అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది. కన్ను ఆనించాక చుట్టూ ఊరు మాయమైంది. గూడు, కొంగ, దాని ముక్కులో ఒక ఎండుపుల్ల. అది ఆ పుల్లని గూట్లో కూర్చున్న జోడుకి అందించింది. రెండోది తీసుకుని, ఒకచోట గుచ్చి, నచ్చక పీకి, ఇంకోచోట గుచ్చింది. ఆ అందించే క్షణం నాకు దొరికింది. తర్వాత అది రెక్కలు విప్పి లేచింది. వేలు నొక్కిపట్టి వరసగా తీస్తున్నాను. పెద్ద రా ఫైళ్లు కదా, కళ్లు మూసి తెరిచేలోగా బఫర్, అంటే ఫొటోలు కార్డుకెక్కేలోగా కెమెరా దాచుకునే చోటు, నిండిపోయి కెమెరా ఆగింది. సరిగ్గా కొంగ నా మీదుగా రెక్కలు చాచి వెళ్లేటప్పుడే. "జేపెగ్ ఒక్కటే పెట్టుకోవాలక్కా ఇలాంటప్పుడు" అన్నాడు వాడు, తాపీగా, ఆ మాట ముందే చెప్పకుండా.

పైనుంచి ఒక తెల్లటి రెట్ట టప్పుమని వాడి కెమెరా చక్రం పక్కన పడింది. ఈ ధరలో వచ్చే కెమెరాలకి వాన, దుమ్ము ఆగే పటిష్ఠమైన సీలింగ్ ఉండదు. తడిగుడ్డతో ఇద్దరం కంగారుగా తుడుస్తుంటే అవ్వ నవ్వింది. చెట్టు కింద గొడుగు లేకుండా ఎవరు నిలబడతారని అడిగింది. నిజమే, ఆమె అరుగు మీద రేకు ఉంది.

ఆ సాయంత్రం హిందూపురం స్టేషన్‌లో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఫొటోలు పంచుకున్నాం. కొంగల్లో మంచిది వాడి కెమెరాలో ఉంది, తీసింది నేను. లోయ ఫొటోల్లో మంచిది నా కెమెరాలో ఉంది, తీసింది వాడు. పందెం ఎవరు గెలిచినట్టో రైలు వచ్చేదాకా తేలలేదు. కొనబోయేవాళ్లు ఎవరైనా నన్నడిగితే, కొండలూ గుళ్లూ ఇంట్లో పిల్లల వీడియోలూ తీసుకునేవాళ్లయితే నా జెడ్ 30 చాలంటాను. ఎండలో తిరిగేవాళ్లూ, పక్షుల పిచ్చి ఉన్నవాళ్లూ వ్యూఫైండర్ లేని కెమెరా కొనకండి, చున్నీ ప్రతిసారీ ఉండదు. నాది మాత్రం ఇప్పట్లో అమ్మను.

అమ్మ లోయ ఫొటో ఎంచుకుంది. పెద్ద సైజులో ప్రింట్ వేయించి, ఫ్రేమ్ కట్టించి ఆ మేకుకి తగిలించాను. తమ్ముడు వీడియో కాల్‌లో చూస్తున్నాడు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది.

"ఆకాశంలో ఎడమ పక్కన ఈ మసక చుక్క ఏమిటే? గద్దా?"

నేను నోరు తెరిచేలోగా ఫోన్‌లోంచి వాడే అన్నాడు: "కొంగమ్మా. వీరాపురం నుంచి వచ్చింది."